గీసే ముందు రాయి పగలగొట్టు

చి. లావణ్యకు మామయ్య ఆశీస్సులు.

జియాలజీ ఫీల్డ్ వర్క్‌కి గూడూరు అభ్రకం గనులకీ, అట్నుంచి మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) గనులకీ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. మనింట్లో సుత్తి పట్టిన రెండో మనిషివి నువ్వు. సంతోషమే, కానీ టెన్షన్‌గానూ ఉంది.

బూట్లు, టోపీ, నీళ్లు సంగతి చెప్పక్కర్లేదు. రాగి తీగ, చాకు, చిన్న పలుగురాయి (క్వార్ట్జ్) ముక్క పెట్టుకో, రాళ్లు గీసి చూడ్డానికి. వాటి గట్టిదనం వరసగా 3, 5.5, 7. గోరు 2.5, అది మాత్రం కత్తిరించుకోకు. పెద్ద అంకెది చిన్న అంకెదాన్ని గీస్తుంది. 1812లో మోస్ ఒకటి నుంచి పది దాకా వేసిన ఈ వరస ఫీల్డులో ఇప్పటికీ చాలు.

మా బ్యాచ్‌లో చాకులాంటి కుర్రాడొకడు ఉండేవాడు. గూడూరులోనే ఒక తెల్లరాయిని గీస్తే సులువుగా గీత పడింది. కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం, గట్టిదనం 3) అని రాసేశాడు. మాస్టారు యాసిడ్ చుక్క వేశారు, కాల్సైట్ అయితే పొంగాలి, పొంగలేదు. రాయి పగలగొట్టి లోపలి ముఖం చూపించి "ఇప్పుడు గీయి" అన్నారు. చాకు జారిపోయింది. అది ఫెల్డ్‌స్పార్, గట్టిదనం 6. ఎండకీ వానకీ పైపొర కేయోలిన్ మట్టిగా మారిపోతే, వాడు గీసింది ఆ మట్టిని! అంతటితో ఆగాడా? సాయంత్రం పలుగురాయి మీద కాల్సైట్‌తో గీత పడిందన్నాడు. మాస్టారు తడివేలితో తుడిస్తే గీత మాయం. అరిగింది కాల్సైట్, అంటింది దాని పొడి. తుడిచి చూడకుండా గీత అని రాశావో, నేనొచ్చి నోట్‌బుక్ చింపేస్తా.

వైవాలో "ఈ రాయి మెత్తనెందుకు?" అంటే బంధాలు బలహీనం అని తేల్చేయకు తల్లీ. బలపం రాయి (టాల్క్) పొర లోపల సిలికాన్, ఆక్సిజన్ గట్టిగానే పట్టుకుని ఉంటాయి. పొరకీ పొరకీ మధ్యే పట్టు లేదు, అందుకే గోటికి ఊడొస్తుంది. అభ్రకంలో పొరల మధ్య పొటాషియం ఉండి వాటిని కాస్త పట్టి ఉంచుతుంది. ముగ్గురాయి అయితే ముందు చేత్తో ఎత్తి చూడు. గట్టిదనం మూడు, మూడున్నరే, బరువు మాత్రం నీళ్లకు నాలుగున్నర రెట్లు.

మెత్తని రాయని లోకువ కట్టకు. పులివెందుల వైపు రాతినార (ఆస్బెస్టాస్) చూపిస్తే ముట్టుకోకు. గోటికే పీచుగా విడిపోతుంది, ఆ పీచు ఊపిరితిత్తుల్లో దిగితే ఓ పట్టాన బయటికి రాదు. పలుగురాయి దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు. నాతో పనిచేసిన డ్రిల్లర్లలో దగ్గి దగ్గి పోయినవాళ్లున్నారు. చాదస్తం అనుకున్నా సరే, చున్నీ చుట్టుకుంటే చాలదు. ఎన్95 మాస్కులు డబ్బా పంపాను, మీ సార్‌కీ ఒకటివ్వు.

మంగంపేటలో బ్లాస్టింగ్ సైరన్ మోగిందంటే రాయీ గీతా అన్నీ వదిలేసి పరిగెత్తు.

మీ మామయ్య