బ్రేక్ రోటర్లు ఇంట్లో మార్చుకోవచ్చు, తుప్పు ఒప్పుకుంటే

కారు బ్రేకుల్లో చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు, అంటే రోటర్లు, వాటిని పట్టి ఆపే ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా, లేక లేనిపోని తలనొప్పా అని అడిగారు. మొదటిసారి తలనొప్పి, రెండోసారి నుంచి డబ్బు.

మాది ఒహాయోలో కొలంబస్, కారు 2012 హోండా అకార్డ్. ముందు చక్రాల దగ్గర కీచుమని చప్పుడు మొదలైతే షాపుకి తీసుకెళ్లాను. ముందు రెండింటికే 480 డాలర్లు అన్నారు, పైగా ఈ కారు ఇంటిదాకా కూడా వెళ్లకూడదన్నట్టు ఒక చూపు. ప్యాడ్ అరిగిందని చెప్పడానికే ఒక చిన్న రేకు పెడతారు, అది రోటర్‌కి రాసుకుంటే వచ్చే చప్పుడది. నెలల తరబడి వదిలేస్తే ప్రమాదమే గానీ ఆ సాయంత్రానికే కొంప మునగదు. ఒళ్లు మండి సామాన్లు నేనే కొన్నాను, 130 డాలర్లయింది. లేపిన కారుని నిలబెట్టే జాక్ స్టాండ్లు, నట్లు సరైన బిగువుకి బిగించే టార్క్ రెంచ్, బ్రేక్ పిస్టన్లని వెనక్కి నొక్కే సీ క్లాంప్ కలిపి ఇంకో 150.

వీడియోల్లో అంతా నలభై నిమిషాల పనే. వాళ్ల కార్లు ఉప్పు మొహం చూసినవి కావు. చేత్తో లాగితే రోటర్ ఇడ్లీ పాత్ర మూతలా ఊడొస్తుంది. మా దగ్గర చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పదేళ్లలో రోటరూ, దాని వెనక చక్రం బిగించే హబ్బూ ఒకే ఇనుప ముద్దయిపోతాయి. దానికి తోడు హోండా వాడు రోటర్‌ని రెండు స్క్రూలతో బిగించి పంపుతాడు. సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్‌తో ఒకటి వచ్చింది. రెండోదాని తల అరిగిపోతే డ్రిల్ చేయాల్సి వచ్చింది. అప్పటికీ రోటర్ కదల్లేదు. గంటన్నర సుత్తితో బాదాను, పక్కింటాయన బయటికొచ్చి చూసి లోపలికి పోయాడు.

అప్పుడు గుంటూరు నుంచి వచ్చిన నాన్న మా దగ్గరే ఉన్నారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరైన మనిషి. గ్యారేజీలో మడత కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ అంతసేపూ చూసి, చివరికి "ఆ రెండు బెజ్జాలు ఎందుకు పెట్టారనుకున్నావురా?" అన్నారు. నిజమే, రోటర్ ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలున్నాయి. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు రెండు తెచ్చి ఇటు అరచుట్టు, అటు అరచుట్టు బిగిస్తూ పోతే, అవి వెనకున్న హబ్బుని తోసి, రోటర్ ఠప్పుమని పేలినట్టు ఊడింది. "డ్రమ్ములకీ ఇలాగే ఉంటాయి" అని మళ్లీ కాఫీ అందుకున్నారు. గంటన్నర ముందే చెప్పొచ్చుగా!

మిగతాది తేలికే. ప్యాడ్లని రోటర్ మీదికి నొక్కే భాగం కాలిపర్. కాలిపర్‌ని దాని గొట్టం మీద వేలాడదీయకండి, బట్టల హ్యాంగర్ వంచి కట్టండి. హబ్ మీద తుప్పు బ్రష్‌తో గీకకపోతే కొత్త రోటర్ కూడా వణుకుతుంది. కొత్తదానికి నూనె పూత ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. ఉత్త జాకీని నమ్మి కారు కింద చేయి పెట్టొద్దు. వెనక చక్రాలైతే కొన్ని కార్లలో కాలిపర్ లోపలుండే పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి, అది తెలుసుకోకుండా సీ క్లాంప్ వేస్తే కాలిపర్ పోతుంది.

అన్నీ బిగించి బండెక్కి బ్రేక్ మీద కాలు పెడితే పెడల్ నేలకి ఆనింది. గుండె జారిపోయింది. పిస్టన్లు వెనక్కి నెట్టాం కదా, అవి మళ్లీ ప్యాడ్లని పట్టుకునేదాకా బండి కదపకుండా తొక్కుతూనే ఉండాలి. ఐదారుసార్లకి గట్టిపడింది. ఇది మర్చిపోయి రివర్స్ గేర్ వేసినవాళ్లు గ్యారేజీ తలుపు కూడా మార్చుకోవాల్సి వస్తుంది.

ఇక్కడ మనవాళ్లు ఒక లెక్క చెప్తారు, "నీ గంట రేటు ఎంత, ఈ పని నీకెందుకు" అని. శనివారం మధ్యాహ్నం సోఫాలో పడుకున్నందుకు నాకెవరూ గంటకింతని ఇవ్వట్లేదు. రెండేళ్ల తర్వాత వెనక చక్రాలు రెండు గంటల్లో అయిపోయాయి, ఖర్చు సామాన్లదే.

ముందువాటికి మాత్రం ఆ స్క్రూలు మళ్లీ వేయలేదు. చక్రం నట్లు బిగిస్తే రోటర్ ఎటూ పోదు, ఆ స్క్రూలు ఫ్యాక్టరీలో బిగించేటప్పుడు పడిపోకుండా పట్టుకోవడానికే. నాన్నకి ఎంత చెప్పినా ఎక్కదు. ఇప్పటికీ గుంటూరు నుంచి ఫోన్ చేసినప్పుడు పిల్లల చదువులడిగి, వాతావరణమడిగి, పెట్టేసే ముందు అడుగుతారు, "ఆ స్క్రూలు తెచ్చావా?" అని.