తొలి సభకు సిద్ధమవుతున్న కథకురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తొలి కథాసంపుటి అచ్చయి చేతికి వచ్చిన సంతోషం, ఆవిష్కరణ సభలో మాట్లాడాలన్న భయం వల్ల నీకు దక్కకుండా పోతోందని చదివి బాధపడ్డాను. "రాయడం వచ్చు గాని మాట్లాడడం రాదు, రాసుకున్న కాగితం చదివేసి కూర్చుంటే సరిపోదా?" అని అడిగావు. సరిపోదమ్మా. ఎందుకు సరిపోదో, చేతిలో ఉన్న నెల రోజుల్లో ఏం చేయవచ్చో నాకు తెలిసినంతవరకు రాస్తాను.

నా మొదటి పుస్తకం సభలో నేను చేసింది సరిగ్గా అదే. నాలుగు పేజీలు ఎంతో శ్రద్ధగా రాసుకుని, తల ఎత్తకుండా చదివాను. సభ ముగిశాక, నా కథల మీద ఇష్టంతో పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి, "మంచి మాటలే చెప్పి ఉంటావమ్మా, కానీ ప్రతి మాటకీ చివర నాకు వినపడలేదు" అన్నాడు. చాలాకాలం అది మైకు లోపమనే నమ్మాను. ఆ తర్వాత ఒక మిత్రురాలు నా ప్రసంగాన్ని రికార్డు చేసి వినిపించినప్పుడు గాని, లోపం నా వాక్యంలోనూ నా ఊపిరిలోనూ ఉందని తెలియలేదు.

తెలుగు వాక్యానికి ప్రాణం చివర ఉంటుంది. క్రియ అక్కడే వస్తుంది, కాదు, లేదు అన్న నిషేధమూ అక్కడే వస్తుంది. "ఈ కథలను నేను మా ఊరి మనుషుల మీద జాలితో రాశానని కొందరు మిత్రులు అనుకుంటున్నారు గాని అది నిజం కాదు" అని నువ్వు సభలో అన్నావనుకో. వాక్యం నడిచేకొద్దీ గుక్క తరిగి, గొంతు దిగి, చివరి రెండు మాటలు నోట్లోనే ఉండిపోతే, వెనక వరుసలోని మనిషి నువ్వు చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకమైన అర్థంతో ఇంటికి వెళతాడు. కాగితం మీద పాఠకుడు కళ్లు వెనక్కి తిప్పి వాక్యాన్ని మళ్లీ చదువుకోగలడు. వినేవాడికి ఆ వీలు లేదు. చేసి, చూసి, వెళ్లి అంటూ అసమాపక క్రియలతో గొలుసు కట్టే మన రచనా వాక్యం, నీ కథల్లో ఎంత అందంగా ఉన్నా, సభలో వినేవాళ్లను చివరి క్రియ కోసం ఊపిరి బిగబట్టి కాచుకునేలా చేస్తుంది.

అందువల్ల నీ సాధన అక్కడ మొదలు కావాలి. చెప్పదలచుకున్నది ముందు రాసుకో, తప్పు లేదు. తర్వాత నిలబడి, బిగ్గరగా చదువు. మనసులో చదువుకున్నది సాధన కిందికి రాదు, ఎందుకంటే మనసుకు ఊపిరి అక్కరలేదు. ఎక్కడ గుక్క తిప్పుకోవలసి వచ్చిందో అక్కడ పెన్సిలుతో గీత గీసి, ఆ వాక్యాన్ని అక్కడే రెండుగా విడగొట్టు. ఫోనులో రికార్డు చేసుకుని మర్నాడు విను. మొదటి వారం వాక్యాల చివరలు మాత్రమే గమనించు. ఊతపదాల సంగతి రెండో వారంలో చూడవచ్చు. "అంటే", "అన్నమాట", "సో" వంటివి ఎన్నిసార్లు దొర్లాయో లెక్కపెట్టుకుంటే చాలు, వాటి స్థానంలో మౌనంగా ఒక్క క్షణం ఆగడం మెల్లగా అలవాటవుతుంది. అన్ని తప్పులనూ ఒకేరోజు దిద్దుకోబోయిన వాళ్లు నోరు తెరవడానికే జంకే స్థితికి చేరడం నేను చూశాను.

ప్రసంగమంతా కంఠస్థం చేయాలనుకుంటున్నట్లు రాశావు. ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. అవధానులను ఉదాహరణగా తీసుకున్నావు గనుక ఆ సంగతే చెబుతాను. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అడుగుతుంటే, అవధాని పద్యానికి ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో, అంటే నాలుగు విడతల్లో పూరించి, చివర వాటన్నిటినీ ధారణ చేస్తారు, అంటే జ్ఞాపకం నుంచి తిరిగి అప్పజెబుతారు. ఆ ధారణకు అవధాని మేధ ఎంత కారణమో ఛందస్సు కూడా అంత ఊతం. ఒక మాట జారినా యతి, ప్రాస, గణం దాన్ని వెనక్కి లాక్కువస్తాయి. వచనానికి అటువంటి కొక్కేలు లేవు. అక్షరం అక్షరం బట్టీ పట్టిన వచనంలో ఒక్క మాట మరిచిపోతే తర్వాతి దారంతా మూసుకుపోతుంది. నువ్వు గుర్తుంచుకోవలసింది వరుస మాత్రమే. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం కంఠతా ఉంటే చాలు, నడుమ ఉన్నదాన్ని ప్రతిసారీ వేరే మాటల్లో చెప్పి చూడు.

అవధానం నుంచి నేర్చుకోవలసింది మరొకటి ఉంది. అక్కడ ఏకాగ్రతను చెదరగొట్టడానికే అప్రస్తుత ప్రసంగి అనే పృచ్ఛకుణ్ణి కూర్చోబెడతారు. నీ సభలో ఆ పనిని మైకు కీచుమనడం, ఆలస్యంగా వచ్చిన అతిథి కోసం కుర్చీలు జరగడం, ఎవరి ఫోనో మోగడం చేస్తాయి. ఇంట్లో నిశ్శబ్దంగా తలుపు వేసుకుని మాత్రమే సాధన చేస్తే వీటికి సిద్ధపడలేవు. టీవీ నడుస్తున్న గదిలోనూ, పిల్లలు తిరుగుతున్న వరండాలోనూ చెప్పి చూడు.

బుర్రకథలో వంత గురించి కూడా ఆలోచించు. పద్మశ్రీ షేక్ నాజర్ పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెప్పిన రోజుల్లో తెలుగునాట ఊళ్లకు ఊళ్లు కూర్చుని విన్నాయి. ఆ కళలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. వాళ్లు తాళం అందుకోవడంతో ఆగరు, జనం మనసులో పుట్టే ప్రశ్నను జనం తరఫున అడుగుతారు. కథకుడికి గుక్క తిప్పుకునే వీలూ అక్కడే దొరుకుతుంది. నీ చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అర్థం కానిచోటల్లా "ఎందుకు?" అని అడగమని చెప్పు. తను అడిగిన ప్రతి చోటా నీ ప్రసంగానికి ఒక ఉదాహరణ కావాలని గుర్తు.

ఇక సభ సంగతి. అధ్యక్షుల తొలిపలుకులు, ఆవిష్కర్త, సమీక్షకులు, ఆత్మీయ అతిథులు, అందరూ అయ్యాక వందన సమర్పణకు ముందు రచయిత స్పందన వస్తుంది. అప్పటికి సమయం మించిపోయి, నిర్వాహకుల చేతిలో చీటీ సిద్ధంగా ఉంటుంది. నీకిచ్చిన 10 నిమిషాలు 4 కావచ్చు. అందుకే 10 నిమిషాలకు, 5 నిమిషాలకు, 2 నిమిషాలకు వేర్వేరుగా గడియారం పెట్టుకుని చెప్పి చూసుకో. వేదిక మీది వారిని పేరుపేరునా కీర్తించడంతోనే ఉన్న కాలమంతా ఖర్చుచేయకు. పేర్లను మాత్రం తప్పు లేకుండా పలుకు.

సభాకంపం పూర్తిగా పోతుందని నీకు మాట ఇవ్వలేను. నాకు ఇప్పటికీ మొదటి నిమిషంలో అరచేతులు చల్లబడతాయి. ఆ నిమిషాన్ని దాటించడానికే ఆ మొదటి రెండు వాక్యాలు. పలుచని కాగితం పట్టుకుంటే చేతి వణుకు అందరికీ కనిపిస్తుంది, చిన్న అట్టముక్క మీద నాలుగు మాటలు రాసుకో. గంట ముందే హాలుకు వెళ్లి, ఖాళీ కుర్చీల చివరి వరుసకు వినపడేలా నీ మొదటి వాక్యం చెప్పు. మైకుకు బెత్తెడు దూరంలో కాస్త పక్కగా నిలబడితే ప, భ వంటి అక్షరాలు టప్పుమని కొట్టవు.

ఈ ఆదివారం లోగా రెండు రికార్డులు పంపు. ఒకదానిలో నీ మొదటి కథ మొదటి పేరా చదువు. రెండోదానిలో పుస్తకం మూసి, అదే సంగతి మీ అమ్మగారికి చెబుతున్నట్లు చెప్పు. నేను వాక్యాల చివరలు మాత్రమే విని జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి