వీధి గుమ్మమా, పెరటి గుమ్మమా?

చిరంజీవి అబ్బాయికి,

క్యాన్సర్ కణాలకు విషం చేరవేసే మందుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకునే కూర్చున్నాను.

ఏటిగట్టు మీది ఆముదపు చెట్టుతో మొదలెట్టడం బాగుంది. కానీ ‘ఆముదంలోని విషం’ అన్నావు. ఆ గింజలోని విషం రిసిన్. అది నూనెలోకి దిగదు, నూనె తీశాక మిగిలే చెక్కలోనే ఉండిపోతుంది. ఆముదం తాగి పెరిగిన మా తరం ఆ వాక్యం దగ్గరే చదవడం మానేస్తుంది. రిసిన్ ఒక ప్రోటీను, అందులో రెండు గొలుసులు. బి గొలుసు దాదాపు ఏ కణాన్నైనా పట్టుకుంటుంది, ఎ గొలుసు లోపలికెళ్లి, కణానికి ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములను పాడుచేస్తుంది. శాస్త్రవేత్తలు బి ఊడదీసి ఆ చోట యాంటీబాడీని, అంటే కణం మీది ఫలానా గుర్తునే వెతికి పట్టుకునే ప్రోటీన్‌ని, అతికించారు. కథంతా అక్కడుంటే నువ్వు అరవాక్యంలో దాటేశావు.

ఇక ‘రెండు గుర్తులను పట్టే యాంటీబాడీ’. రెండూ ఉండి తీరాలా, ఒకటున్నా చాలా? బ్యాంకు లాకరుకు రెండు తాళంచెవులూ కావాలి. మనింటికైతే వీధి గుమ్మం మూసినా పెరటి గుమ్మం ఉంటుంది. లాకరు రకంలో యాంటీబాడీకున్న ఒక్కో చేతి పట్టు కావాలనే సడలిస్తారు. రెండూ అంటుకుంటేనే నిలుస్తుంది, ఒక గుర్తే ఉన్న మంచి కణం చాలావరకు బతికిపోతుంది. పెరటి గుమ్మం రకంలో క్యాన్సర్ కణం ఒక గుర్తు వదిలేసినా రెండోదాంతో దొరుకుతుంది. నువ్వు ఈ రెండు లాభాలూ ఒకే మందుకు కట్టబెట్టావు. విషం లోపలికెళ్లాలంటే, పట్టుకున్నాక కణం దాన్ని మింగాలి కదా, ఆ ఊసే లేదు.

డీటీ2219 అనే మందు గురించి ‘క్యాన్సర్ కణాలనే చంపుతుంది’ అన్నది కొట్టేశాను. అది డిఫ్తీరియా విషాన్ని చేరవేసేది సీడీ19, సీడీ22 అనే గుర్తులున్న కణాలకి. బి కణాలనే తెల్ల రక్తకణాలు ఆరోగ్యంగా ఉన్నా వాటి మీదా అవి ఉంటాయి. 2015లో వెలువడిన తొలిదశ పరీక్షలో 25 మందికి ఇస్తే, నిలకడైన ఫలితం ఇద్దరిలో. ఇద్దరినే రాసి ఊరుకున్నావు, మిగతా 23 మందీ ఏరి?

నీ వయసులో నేనూ ‘మందు వచ్చేసింది’ అని శీర్షిక పెట్టినవాణ్ణే. ఓ ఆదివారం ఒకాయన సఖినేటిపల్లిలో గోదారి దాటే పంటెక్కి నరసాపురంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాన. స్కానింగ్ కాగితాలు యూరియా సంచిలో చుట్టి తెచ్చాడు. ‘ఎక్కడమ్ముతారండీ?’ అన్నాడు. ఆ మందు అప్పటికింకా ఎలుకల దగ్గరే ఉంది. కాఫీ ఇచ్చాం. తాగలేదు.

తిరగరాసి తపాలాలో పంపకు, నువ్వే పట్టుకురా. తేగల రోజులు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు