కరెంటు పోయొచ్చాక వీఎంకి లాగిన్ కావట్లేదా

అన్నా, ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబైలో కొత్త వీఎం (క్లౌడ్‌లో నడిచే వర్చువల్ కంప్యూటర్) పెడితే నిన్న అనంతపురం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) బాగానే అయిందని, రాత్రి కరెంటు పోయొచ్చాక 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' వస్తోందని అన్నారు కదా. తొందరపడి వీఎం డిలీట్ చేయకండి, దాంట్లో లోపం ఉన్నట్టు లేదు.

ఆ మెసేజే సగం చెప్పేస్తోంది. 'రిఫ్యూజ్డ్' అని వస్తే మెషీన్ దాకా వెళ్లాం గానీ అక్కడ ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు నడవట్లేదని. 'పర్మిషన్ డినైడ్' అయితే కీ ఫైలో, యూజర్ పేరో తప్పు. టైమ్డ్ అవుట్ అంటే చాలాసార్లు ఫైర్‌వాల్ (నెట్ రాకపోకలకు కాపలా) మన ప్యాకెట్లను దారిలోనే మింగేస్తోందని. వీఎం పెట్టేటప్పుడు సెక్యూరిటీ గ్రూపులో (వీఎంకి ఫైర్‌వాల్ అదే) 22వ పోర్టుకి, అంటే ఎస్‌ఎస్‌హెచ్ వాడే దారికి, 'మై ఐపీ' (మీ నెట్ అడ్రసుకి మాత్రమే అనుమతి) ఎంచుకుని ఉంటారు. రూటర్ ఆగి లేచేసరికి మీ ఇంటి పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో కనిపించే అడ్రసు) మారి ఉంటుంది, రూల్‌లో పాతదే ఉండిపోయి ఉంటుంది.

సెక్యూరిటీ గ్రూపు ఇన్‌బౌండ్ (లోపలికి వచ్చేవాటి) రూల్‌లో మళ్లీ 'మై ఐపీ' కొట్టి సేవ్ చేయండి. రీస్టార్ట్ అక్కర్లేదు. విసుగొచ్చి 0.0.0.0/0 (ఏ ఐపీ నుంచైనా అనుమతి) మాత్రం పెట్టొద్దు, ఊరూపేరూ లేని లాగిన్ ప్రయత్నాలతో లాగ్ నిండిపోతుంది.

మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే, ప్రతిసారీ ఇదే పనంటే కష్టం. ఏడబ్ల్యూఎస్ వాళ్లదే సెషన్ మేనేజర్ అని ఉంది, ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు తెరవకుండానే వీఎంలోకి వెళ్లొచ్చు, అది పెట్టుకోండి. వీఎంలో ఎస్‌ఎస్‌ఎం ఏజెంటు (సెషన్ మేనేజర్‌తో మాట్లాడే ప్రోగ్రాము), దానికి తగ్గ ఐఏఎం రోల్ (ఏడబ్ల్యూఎస్ అనుమతులు) ఉంటే ఇన్‌బౌండ్ పోర్టేదీ తెరవక్కర్లేదు.

ఒకవేళ మీరే వీఎంని ఆపి మళ్లీ స్టార్ట్ చేసి ఉంటే, ఎలాస్టిక్ ఐపీ (మారకుండా ఉండే పబ్లిక్ ఐపీ) లేనప్పుడు దాని పబ్లిక్ ఐపీ కూడా మారుతుంది. అదీ చూడండి.