పాత భవనమైతే చాలు, వికీపీడియాలో వ్యాసం రాయవచ్చా?

విజయనగరంలోని తమ నూరేళ్ల మండువా లోగిలి గురించి వికీపీడియాలో వ్యాసం రాయవచ్చా అని ఒకరు అడిగారు. వయసొక్కటే అర్హత కాదు. ఆ భవనంతో సంబంధం లేనివారు, నమ్మదగిన పత్రికల్లోనో గ్రంథాల్లోనో దాని గురించి ఎంత వివరంగా రాశారన్నదే అసలు కొలత. యజమాని వేయించిన కరపత్రం గానీ, జాబితాలో ఒక పంక్తి గానీ ఇందుకు చాలవు. శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం ఆలయంలా ప్రభుత్వం రక్షిత కట్టడంగా గుర్తించినవాటికి ప్రాముఖ్యత (విడి వ్యాసానికి తగిన అర్హత) ఉందనే భావిస్తారు, అయినా కొలతలు, చిరునామా దాటి రాయదగిన సమాచారం ఉండాలి.

ఎక్కువమంది పొరబడేది మరొకచోట. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే బోధించారు. ఆ కీర్తి సంస్థది, గోడలది కాదు. కట్టడం గురించి విడిగా ఎవరూ రాయనప్పుడు దాని వివరాలను కళాశాల వ్యాసంలోనే ఒక విభాగంగా పెట్టడం మేలు. అలాగే మీ ఇంట ఒక మహానుభావుడు బస చేసినంత మాత్రాన ఇంటికి ప్రాముఖ్యత రాదు (మన ఊళ్లో అలా చెప్పుకోని పాత ఇల్లు అరుదు). విపులమైన ఆధారాలు రెండు మూడు దొరికితే మొదలుపెట్టండి. దొరకకుంటే ఇంటి ఫొటోలను వికీపీడియాకు తోడుగా ఉన్న ఉచిత చిత్రాల భాండాగారం వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించి ఉంచండి.