ఆల్ టెర్రైన్ టైరు కొనేముందు టైరు గోడ చదవండి

ప్రశ్న: మాది రాయగడ. జూన్‌లో డెన్వర్ వచ్చాం. పాత టొయోటా ఫోర్ రన్నర్ కొన్నాను, టైర్లు అరిగిపోయి ఉన్నాయి. షాపువాళ్లు ఆల్ టెర్రైన్ వేయించుకోమంటున్నారు. ఒకదాని మీద 600 అని ఉంది, ఇంకోదాని మీద అసలు ఆ నంబరే లేదు. చలికాలంలో ఐ-70 హైవే మీద కొండల్లోకి వెళ్తుంటాం. ఏది తీసుకోమంటారు అన్నా?

జవాబు: తమ్ముడూ, ఆల్ టెర్రైన్ అంటే రోడ్డు మీదా మట్టిదారిలోనూ పనికొస్తుందని కంపెనీలు పెట్టుకునే పేరు. ఫలానా పరీక్ష నెగ్గితేనే ఆ పేరు పెట్టాలన్న రూలేమీ లేదు. పరీక్షల ఫలితాలు టైరు గోడ (సైడ్‌వాల్) మీద వేరే గుర్తుల్లో ఉంటాయి. అవి చదవడం వస్తే షాపువాడి మాటతో పనిలేదు.

ముందు మంచు సంగతి. సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు వెళ్లి, అక్కడి మట్టిరోడ్లు చూసినవాళ్లకు మంచి టైరంటే ఒకటే లెక్క: గళ్లు, అంటే నేలకు తగిలే రబ్బరు దిమ్మలు, పెద్దవిగా ఉండాలి, మధ్య గాడులు వెడల్పుగా ఉండాలి. వానాకాలంలో ఎర్రమన్ను గాడుల్లో పట్టేస్తే టైరు గుండులా నున్నగా అయిపోతుంది కాబట్టి, చక్రం తిరిగేకొద్దీ ఆ బురదను విసిరికొట్టాలి. మంచు మీద ఈ లెక్క తిరగబడుతుంది. మంచుకు మంచే పట్టు. గాడుల్లో కూరుకున్న మంచే కింద ఉన్న మంచును పట్టుకుని బండిని లాగుతుంది. దానికి తోడు ఒక్కో గడి మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలు ఉండాలి. వీటిని సైప్‌లంటారు. షాపులో టైరు ముందు కూర్చుని సైప్‌లోకి గోరు దింపి చూడు. కొన్నిటిలో అవి గాడి అడుగుదాకా దిగవు. అలాంటి టైరు సగం అరిగేసరికి సైప్‌లు మాయమై, చూడ్డానికి బాగానే ఉన్నా మంచు మీద జారుతుంది. రబ్బరు కూడా ముఖ్యమే. 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగేకొద్దీ మామూలు రబ్బరు బిగుసుకుపోతుంది.

గోడ మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంటే బురదకూ మంచుకూ అని అర్థం. కానీ అది గాడుల ఆకారాన్ని బట్టి వేసే గుర్తు, మంచు మీద పరీక్షించి వేసింది కాదు. నువ్వు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు ఉన్న బొమ్మ. అది ఉందంటే ఓ మోస్తరుగా తొక్కిన మంచు మీద, పోలిక కోసం పెట్టుకున్న నమూనా టైరుకన్నా కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపించినట్టు. ఒక్కటి మరిచిపోకు: ఆ పరీక్ష బండి ముందుకు లాగే పట్టును మాత్రమే కొలుస్తుంది. బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది, రోడ్డు మీద కనిపించకుండా గడ్డకట్టిన పల్చటి ఐసు మీద ఎలా ఉంటుంది అన్నవి అందులో లేవు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందని నమ్మి కొండ దిగేటప్పుడు వేగంగా పోయేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఫోర్ వీల్ డ్రైవ్ ఎక్కడానికి సాయం చేస్తుంది, ఆపడానికి కాదు.

కొలరాడోలో సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా ఐ-70 మీద డాట్‌సీరో, మారిసన్ ఊళ్ల మధ్య టైరు గాడి కనీసం అంగుళంలో 16 వంతులకు 3 వంతుల లోతు ఉండాలి. చట్టపరంగా టైరు పూర్తిగా అరిగినట్టు లెక్కగట్టే లోతు దీనిలో మూడో వంతే. అంటే ఊళ్లో చెల్లే టైరు కొండ దారిలో చెల్లకపోవచ్చు. పది డాలర్లలోపు వచ్చే లోతు గేజీ ఒకటి బండిలో పెట్టుకో.

ఇక ఆ 600. అది ట్రెడ్‌వేర్ గ్రేడు, అంటే టైరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే అంకె. టెక్సస్ రోడ్ల మీద 7,200 మైళ్లు నడిపి, 100 గ్రేడున్న నమూనా టైరుతో పోల్చి, కంపెనీయే వేసుకునే అంకె. 60 వేల మైళ్లు నడుస్తుందని దాని అర్థం కాదు. ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికి కొంత పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య నమ్మకు. పక్కనే ఉండే ఏఏ, ఏ, బీ, సీ తడి రోడ్డు మీద నేరుగా బ్రేకు వేసినప్పటి పట్టు. మలుపులో పట్టు అందులో రాదు. ఇంకో టైరుకు నంబరు లేదన్నావు, బహుశా అది ఎల్‌టీ రకం, అంటే లైట్ ట్రక్ టైరు. వాటికి ఈ గ్రేడ్లు తప్పనిసరి కాదు. లోపమేం కాదు.

కానీ ఎల్‌టీ నీకు అవసరమా? గోడ మందంగా ఉంటుంది, రాళ్ల దారిలో అంత తేలిగ్గా కోత పడదు, ట్రెయిలర్ లాగడానికి బాగుంటుంది. బదులుగా బరువెక్కువ, మైలేజీ తగ్గుతుంది, కుదుపు పెరుగుతుంది. గాలి లెక్కా మారుతుంది. టైరు ఎంత గాలి, ఎంత బరువు తట్టుకుంటుందో చెప్పే అక్షరాన్ని లోడ్ రేంజ్ అంటారు. ఆ అక్షరం ‘E’ ఉన్న టైరు మీద 121 అని ఉంటే ఒక్కో టైరు 1,450 కిలోలు మోస్తుందన్నమాట, అయితే 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్నప్పుడే. డోరు పక్క స్టిక్కరు మీద ఉన్న గాలి అంకె ఫ్యాక్టరీ టైరుకు రాసింది. ఎల్‌టీలో అంతే నింపితే మోసే శక్తి చాలక వేడెక్కుతుంది. కాబట్టి వేయించుకుంటే ఏ బరువుకు ఎంత గాలో చెప్పే లోడ్ టేబుల్ చూసి కొత్త ప్రెషర్ ఎంతో కాగితం మీద రాసిమ్మని అడుగు.

నువ్వు చెప్పిన వాడకానికి నా మాట: ఎల్‌టీ కానిది, కొండ-మంచు బొమ్మ ఉన్నది, స్టిక్కరు మీద ఉన్న సైజులోనే తీసుకో. సైజు 265/70ఆర్17 అనుకుందాం. 265 మిల్లీమీటర్ల వెడల్పు, గోడ ఎత్తు అందులో 70 శాతం, 17 అంగుళాల రిమ్ము. పక్కన 115టీ అని ఉంటే ఒక్కో టైరు మోసే బరువు 1,215 కిలోలు, తట్టుకునే గరిష్ఠ వేగం గంటకు 190 కిలోమీటర్లు. ఈ లోడ్ అంకె స్టిక్కరులో ఉన్నదానికన్నా తగ్గకూడదు. 275 వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు 1.7 శాతం పెరిగి, మీటరు అసలు వేగంకన్నా తక్కువ చూపిస్తుంది. పైగా స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకునే అవకాశం ఉంది.

గాలి చలికి పడిపోతుంది, 10 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గితే సుమారు 1 పీఎస్ఐ. 90 డిగ్రీల ఎండలో 32 నింపి వదిలేస్తే, 10 డిగ్రీల తెల్లవారుజామున 24 ఉంటుంది. నెలకోసారి బండి కదలకముందే చూసుకో.

బిగించేముందు టైరు గోడ మీద డీఓటీ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చదువు. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. మూడేళ్లు గోడౌన్‌లో పడున్నదైతే వేరేది తెమ్మను. నాలుగూ ఒకేసారి మార్పించు. ఒక 50 మైళ్లు తిరిగాక వెనక్కి వెళ్లి నట్లు టార్క్ రెంచితో (బిగింపు ఎంతో కొలిచే పానాతో) మళ్లీ బిగించమను, చాలా షాపుల్లో డబ్బులు తీసుకోరు.