మీ ప్రశ్నలు – మా జవాబులు: నర్సమ్మే హెల్త్ మినిస్టర్ అయితే

పోయిన సంచికలో కెనడా ఉత్తరాన ఉన్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ఆరోగ్య మంత్రి లీసా సెమ్లర్ గురించి ఒక చిన్న పరిచయం వేశాం. ఆవిడ వృత్తిరీత్యా రిజిస్టర్డ్ నర్సు అని అందులో రాసేసరికి డ్యూటీలో ఉన్న నర్సులు, నర్సింగ్ చదివే పిల్లలు వరసపెట్టి ప్రశ్నలు పంపారు. ఒకేలాంటివి కలిపేసి జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: మేడమ్, మామూలు నర్సు మంత్రి ఎలా అయ్యారు? ఏ పార్టీ ఆవిడది?

ఏ పార్టీ కాదమ్మా, అసలు అక్కడి శాసనసభలో పార్టీలే లేవు. మొత్తం 19 మంది సభ్యులు, అందరూ ఇండిపెండెంట్లుగానే నిలబడతారు, గెలిచాక అందరూ కలిసి సీక్రెట్ బ్యాలెట్ పెట్టుకుని తమలోంచే ప్రీమియర్‌ని (మన ముఖ్యమంత్రి లాంటి పదవి), మంత్రుల్ని ఎన్నుకుంటారు, ఎవరికి ఏ శాఖ అన్నది మాత్రం ప్రీమియర్ ఇష్టం. దీన్ని కాన్సెన్సస్ గవర్నమెంట్ అంటారు. ప్రీమియర్, మంత్రులు కలిపి 7గురే, అంటే సభలో ఎప్పుడూ మైనారిటీనే, కాబట్టి ఏ బడ్జెట్ పాస్ అవ్వాలన్నా మిగతావాళ్లని ఒప్పించుకోవాల్సిందే.

సెమ్లర్ గారు 2019లో ఇనూవిక్ ట్విన్ లేక్స్ నుంచి మొదటిసారి గెలిచారు. అంతకుముందు ఎన్నికల్లో గెలిచిన ఆడవాళ్లు ఇద్దరే, ఆ ఏడాది ఏకంగా 9 మంది. 2023 నవంబర్‌లో మళ్లీ సభకి వచ్చారు, డిసెంబర్‌లో ఆర్.జె. సింప్సన్ ప్రీమియర్ అయ్యాక ఈవిడకి హెల్త్ అండ్ సోషల్ సర్వీసెస్ ఇచ్చారు.

ఆ "సోషల్ సర్వీసెస్" అన్న ముక్కని వదిలేయకండి. పిల్లల సంరక్షణ, ఇంట్లో హింస నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లకి ఆసరా, ఇవన్నీ ఆ శాఖ కిందకే వస్తాయి. సెమ్లర్ గారు ఇనువియాలుయిట్ అనే ఆర్కిటిక్ ఆదివాసీ సమాజపు మనిషి, చిన్నపిల్లగా ఉన్నప్పుడే వాళ్లమ్మ హత్యకి గురయ్యారు. కనిపించకుండా పోయిన, హత్యకి గురైన ఆదివాసీ మహిళల గురించి కెనడాలో జాతీయ విచారణ జరిగినప్పుడు బాధిత కుటుంబాల తరఫున సలహా ఇచ్చే బృందంలో ఆవిడ ఉన్నారు. 2019 జూన్‌లో వచ్చిన ఆ రిపోర్టులో 231 డిమాండ్లు ఉన్నాయి. అవి అమలు చేయాల్సిన ప్రభుత్వాల్లో ఇప్పుడు ఆవిడ ప్రభుత్వం కూడా ఒకటి, అందుకే ఆ కుర్చీలో ఆవిడ కూర్చోవడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

ప్రశ్న: అక్కడ అన్నీ నర్సులే చూస్తారట, నిజమా? డాక్టర్లు లేరా?

ఉన్నారు, కానీ ప్రతి ఊళ్లో లేరు. ఒక్కసారి లెక్క చూడండి, సుమారు 13 లక్షల చదరపు కిలోమీటర్ల నేల, జనం చూస్తే 45 వేల చుట్టుపక్కల, వాళ్లలో దాదాపు సగం మంది రాజధాని ఎల్లోనైఫ్‌లోనే, మిగతావాళ్లు 30కి పైగా ఉన్న చిన్న చిన్న ఊళ్లలో సర్దుకుని ఉంటారు. పెద్దాసుపత్రి అంటే ఎల్లోనైఫ్‌లో ఉన్న స్టాంటన్, దాని కొత్త బిల్డింగ్ 2019లో తెరిచారు. బాగా ఉత్తరాన ఇనూవిక్‌లో ఒక రీజినల్ హాస్పిటల్ ఉంది. స్టాంటన్‌లో కూడా కుదరని కేసైతే ఇంకా దక్షిణానికి, అంటే వేరే రాష్ట్రంలో ఉన్న ఎడ్మంటన్‌కి పంపాలి.

చాలా చిన్న ఊళ్లలో ఉండేది హెల్త్ సెంటర్, అందులో కమ్యూనిటీ హెల్త్ నర్సులు, మరీ చిన్న ఊరైతే ఒకరో ఇద్దరో. పొద్దున పిల్లలకి టీకాలు, గర్భిణీల చెకప్, షుగర్ పేషెంట్లకి మందులు, మధ్యలో చెయ్యి తెగి వచ్చినవాడికి కుట్లు, సాయంత్రం సెంటర్ మూసేశాక కూడా ఆన్‌కాల్ ఫోన్ ఆ నర్సు దగ్గరే. రాత్రి ఒంటిగంటకి ఒక తల్లి చంటిబిడ్డకి ఊపిరి ఆడట్లేదని తీసుకొస్తే బిడ్డని చూసేదీ, ఆక్సిజన్ పెట్టేదీ, ఎక్కడో ఉన్న డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడేదీ, ఎయిర్ అంబులెన్స్ అడిగేదీ ఆ ఒక్క మనిషే, ఇంత చేశాక మంచు తుఫానులో విమానం దిగలేదంటే తెల్లారేదాకా ఆ బిడ్డ పక్కన కూర్చునేదీ ఆ నర్సే.

అందుకే నర్సు ఆరోగ్య మంత్రి అవడం అక్కడ అందరికీ విశేషంలా అనిపించినా నాకైతే న్యాయంగా అనిపిస్తుంది, ఆ వ్యవస్థ బరువు మోసేది ఎవరో వాళ్లలోంచే ఒకరు ఫైల్ మీద సంతకం పెట్టే చోటికి చేరారు కదా.

ప్రశ్న: నేను లేబర్ రూమ్ నర్సుని. అంత మారుమూల కాన్పులు ఎలా మేడమ్?

ఈ ప్రశ్నకి కాస్త ఎక్కువ రాస్తాను. చాలా ఊళ్లలో కాన్పులు చేయరు. నెలలు నిండకముందే, డేట్‌కి కొన్ని వారాలు ఉండగానే తల్లిని విమానం ఎక్కించి ఇనూవిక్‌కో ఎల్లోనైఫ్‌కో పంపేస్తారు. హే రివర్, ఫోర్ట్ స్మిత్ ఊళ్లలో మిడ్‌వైఫ్‌లు ఉన్నారు, రిస్క్ లేని కేసులు వాళ్లు చూస్తారు. మిగతావాళ్లకి ఊరు వదలడం తప్పదు.

విక్టోరియా దీవి మీద ఉలుఖక్‌టోక్ అని ఒక ఊరుంది, బయట ఊళ్లకి రోడ్డు లేదు, విమానమే. అక్కడి ఒక తల్లిని ఊహించుకోండి, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లల్ని అమ్మకో అక్కకో అప్పగించి, తెలియని ఊళ్లో బోర్డింగ్ హోమ్‌లో ఒక గది, రోజూ ఫోన్‌లో పిల్లల ఏడుపు వినడం, నొప్పులు ఎప్పుడొస్తాయా అని వారాల తరబడి ఎదురుచూడటం. ఆదివాసీ గర్భిణీలకి తోడుగా ఒక మనిషి వెళ్లే ఖర్చు ఫెడరల్ ప్రభుత్వం అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది 2017లో, అంతకుముందు చాలామంది ఒంటరిగానే కని బిడ్డని ఎత్తుకుని వెనక్కి వచ్చారు. మెడికల్‌గా చూస్తే ముందే పంపడం సేఫ్, దాన్ని నేను తప్పనను, బ్లీడింగ్ ఆగకపోతే రక్తం ఎక్కించే దిక్కు ఊళ్లో లేనప్పుడు ఇంకేం చేస్తారు. కానీ ఆ సేఫ్టీ ఖరీదు మొత్తం ఆ తల్లే కడుతోంది, దాన్ని రిపోర్టుల్లో "మెడికల్ ట్రావెల్" అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు.

ఇంకోటి చూడండి, 2021 డిసెంబర్ నుంచి 2022 ఫిబ్రవరి దాకా సాక్షాత్తూ ఎల్లోనైఫ్ పెద్దాసుపత్రిలోనే ప్రసూతి విభాగం చాలావరకు ఆపేయాల్సి వచ్చింది, కారణం నర్సులు చాలకపోవడం. రాజధానిలో ఉండే తల్లుల్ని కూడా ఎడ్మంటన్ పంపారు. బిల్డింగ్ కొత్తది, మెషీన్లు కొత్తవి, మంచం పక్కన నిలబడే మనిషి లేరు. అప్పటికి సెమ్లర్ గారు మంత్రి కాదు, మామూలు సభ్యురాలు.

ప్రశ్న: అసలు సమస్య చలేనా?

చలి కన్నా దారి. ఇనూవిక్‌కి రోడ్డు ఉంది, కానీ ఆ రోడ్డు నదుల్ని వేసవిలో ఫెర్రీ మీద, చలికాలంలో గడ్డకట్టిన మంచు మీద దాటుతుంది, మంచు పట్టేటప్పుడూ కరిగేటప్పుడూ కొన్ని వారాలు రెండూ ఉండవు. సాక్స్ హార్బర్ లాంటి దీవి ఊళ్లకి ఆ మాత్రం కూడా లేదు.

ప్రశ్న: ఆవిడకి ఇవన్నీ తెలుసు కదా, మరి నర్సుల్ని వేసేసి సరిచేయొచ్చుగా?

కష్టం తెలిసినంత మాత్రాన పోస్టులు నిండవండి. కెనడా అంతటా నర్సుల కొరత, ప్రతి ప్రావిన్సూ లాక్కుంటోంది. చిన్న ఊళ్లలో ఉద్యోగం ఇచ్చినా ఉండటానికి ఇల్లు దొరకదు, దాంతో కొన్ని వారాలకోసం వచ్చి వెళ్లే తాత్కాలిక నర్సులు, లోకమ్ డాక్టర్లతో (ఇంకొకరి బదులు కొన్నాళ్లు పనిచేసేవాళ్లు) బండి లాగుతున్నారు. వచ్చినవాళ్లు మంచివాళ్లే, కానీ పేషెంట్ ప్రతిసారీ కొత్త మొహానికి తన కథ మొదటి నుంచీ చెప్పుకోవాలి, మూడోసారికి విసుగొచ్చి రావడమే మానేస్తాడు, అప్పుడు ముందే పట్టుకోవాల్సిన క్యాన్సర్ ఆలస్యంగా బయటపడుతుంది.

పైగా మంత్రి స్వయంగా వార్డు నడపరు, 2016లో పెట్టిన హెల్త్ అథారిటీ నడుపుతుంది. 2024 చివర్లో సెమ్లర్ గారు దాని గవర్నింగ్ కౌన్సిల్‌ని పక్కనపెట్టి ఒక పబ్లిక్ అడ్మినిస్ట్రేటర్‌ని వేశారు. గట్టి నిర్ణయమే. కాకపోతే నేను చూసే కొలమానం వేరే, పై కుర్చీ ఎవరిదన్నది కాదు, ఉలుఖక్‌టోక్‌లో ఈ ఏడాది ఉన్న నర్సు వచ్చే ఏడాది కూడా ఉందా లేదా అన్నదే. దానికి స్టాఫ్ క్వార్టర్స్ కావాలి, ఆన్‌కాల్ తర్వాత నిద్రపోవడానికి ఇంకో మనిషి కావాలి, అన్నిటికంటే అక్కడ పుట్టిన పిల్లలు అక్కడే నర్సులు అవ్వాలి, సెమ్లర్ గారిలాగా.

ప్రశ్న: పెద్దాసుపత్రికి వెళ్లమంటే కొందరు ససేమిరా అంటారట, ఎందుకు?

దీని వెనక చరిత్ర ఉంది. గత శతాబ్దంలో టీబీ వచ్చినప్పుడు ఆర్కిటిక్ ఊళ్ల నుంచి జనాన్ని దక్షిణాది శానిటోరియాలకి, అంటే టీబీ ఆసుపత్రులకి తీసుకెళ్లిపోయారు, ఈ టెరిటరీ వైపు వాళ్లని ఎక్కువగా ఎడ్మంటన్‌లోని చార్ల్స్ కామ్‌సెల్ హాస్పిటల్‌కి. నెలలు, ఏళ్లు. కొందరు తిరిగి రాలేదు, ఎక్కడ పూడ్చారో కూడా ఇంటివాళ్లకి చెప్పలేదు. 2019 మార్చి 8న అప్పటి ప్రధాని ట్రూడో పక్క టెరిటరీ నునావుట్ రాజధాని ఇకాలూయిట్ వచ్చి ఇన్యూట్ ప్రజలకి (ఆర్కిటిక్ ఆదివాసీలు, ఇనువియాలుయిట్ వాళ్లూ ఇందులోకే వస్తారు) క్షమాపణ చెప్పారు, ఆ సమాధులు వెతికిపెట్టే నానిలావుట్ అనే కార్యక్రమం కూడా అప్పుడే మొదలైంది. అంటే ఒక మామ్మకి "మీరు ఎడ్మంటన్ వెళ్లాలి" అని చెప్తే ఆవిడకి గుర్తొచ్చేది స్కాన్ కాదు, అలా వెళ్లి రాని వాళ్లమ్మ. ఇది తెలిసిన నర్సు రిఫరల్ కాగితం చేతిలో పెట్టేసి పంపదు, కూర్చుని మాట్లాడుతుంది, ఆవిడ భాషలో చెప్పే మనిషిని పిలుస్తుంది, తోడు ఎవరొస్తారో, ఎప్పుడు తిరిగొస్తారో ముందే చెప్తుంది. ఆ టెరిటరీలో అధికార భాషలే 11.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ ఫైనలియర్. నేను అక్కడికి వెళ్లి పనిచేయొచ్చా అక్కా?

వెళ్లొచ్చు తల్లీ, కానీ వెంటనే కాదు. మన చదువుని వాళ్లు అసెస్ చేయాలి, ఎన్‌క్లెక్స్ అనే నర్సుల లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి, ఆ టెరిటరీ రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి, వీసా సంగతి వేరే. అన్నీ అయినా ఫ్రెషర్‌గా ఒంటరి హెల్త్ సెంటర్‌కి మాత్రం వెళ్లకు, అక్కడ పక్కన అడగడానికి సీనియర్ ఉండరు. ముందు ఎమర్జెన్సీలో, ప్రసూతిలో కొన్నేళ్లు బాగా చేతులు తిరగనీ. వెళ్లాక కాంట్రాక్ట్ అయిపోగానే వచ్చేయకుండా కొన్నాళ్లు ఒకే ఊళ్లో ఉండే ఉద్దేశం ఉంటేనే అప్లై చెయ్యి.